డిస్కులో లేని ఆఖరి సీను

మా గ్రూపులో తగాదా ఎప్పుడూ రంగు దగ్గరే మొదలవుతుంది. పాత ఇంగ్లిష్ సినిమాల పిచ్చి ఉన్నవాళ్లం ఇరవై మందిమి, కరీంనగర్ నుంచి భైంసా దాకా చెల్లాచెదురుగా ఉన్నాం. ఫోన్లో ఒక గ్రూపు, నెలకోసారి కరీంనగర్‌లో రిటైరైన బ్యాంకు మేనేజరు గారి మేడగదిలో సమావేశం. ఆయన దగ్గర గోడంత టీవీ ఉంది, దానికి తగ్గ ఓపిక కూడా ఉంది. హాలీవుడ్ వాళ్లు ఎప్పుడో తీసిన ఓడరేవు సినిమా ఒకటి ఉంది, మొదటి నుంచి చివరి దాకా పాటలూ డాన్సులే. దాన్ని కొత్తగా శుభ్రం చేసి డిస్కు విడుదల చేశారని తెలిసి విదేశం నుంచి నాలుగు కాపీలు తెప్పించింది ఆయనే. అందులో ఒకటి నాది.

డిస్కు వచ్చిన వారం గ్రూపులో ఎవరికీ నిద్రలేదు. హుస్నాబాద్‌లో ఫోటో స్టూడియో నడిపే ఆయన, హీరోయిన్ గౌను ఎర్రది కాస్తా నారింజ అయిపోయిందని, ఎవడో కంప్యూటర్ ముందు కూర్చుని తన ఇష్టమొచ్చినట్టు తిప్పాడని గంటకో మెసేజీ పెట్టాడు. భైంసా పత్తి వ్యాపారికి మొహాల మీద పట్టింపు. మరకలు తుడిచే పేరుతో మొహాల మీది గీతలు కూడా తుడిచేశారట, ముసలాయన కూడా పెళ్లికొడుకులా ఉన్నాడట. ఇంకొకరికి ఐదు స్పీకర్ల శబ్దం నచ్చలేదు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను కాబట్టి వెలుతురు గురించీ రంగు గురించీ మాట్లాడే హక్కు నాదేనని నా నమ్మకం. ఇలాంటి తగాదాల్లో అందరికన్నా పెద్ద గొంతు నాదే. ఆ వారం మాత్రం రంగు జోలికి పోలేదు. నా ఫిర్యాదు అంతకన్నా పెద్దది. డిస్కులో ఆఖరి సీను లేదు.

ఆ సీను కోసం ఎదురుచూసింది నేను కాదు, మా అవ్వ. అమ్మను మేం అవ్వ అంటాం. నాతోపాటే కరీంనగర్‌లో ఉండేది. ఆ ఏడాదే రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. పట్టీ విప్పిన రోజు డాక్టరమ్మ సరదాకి, ఇప్పుడు ఏం చూడాలని ఉందమ్మా అని అడిగింది. దేవుడి పేరో, బంధువుల పేరో చెబుతుందనుకున్నాను. క్లబ్బుల ఏసిన సిన్మ ఇంకోపారి చూస్తనంది. డాక్టరమ్మకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

నేను పుట్టింది బొగ్గుబాయి క్వార్టర్లలో. గనిని మా దగ్గర బాయి అంటారు, నాన్నను బాపు అంటారు. బాపు బాయిలోకి దిగేవాడు. షిఫ్టు దిగి ఇంటికి వచ్చే మనిషి మా దగ్గర ఎవరితోనూ మాట్లాడడు, పిల్లల్ని ముట్టుకోడు. కళ్లూ పళ్లూ తప్ప ఒళ్లంతా బొగ్గే కదా. తల వంచుకుని నేరుగా ఇంటి వెనక దడి చాటుకు పోయి స్నానం చేస్తాడు. తల తుడుచుకుని తెల్ల బనీను తొడుక్కుని పీట మీద కూర్చున్నాకే బాపు అయ్యేవాడు. అప్పుడు పోయి మీద పడేదాన్ని. ఆ మధ్యలో ఎవరైనా వచ్చి మీ బాపు వచ్చిండా అంటే, వచ్చిండు, స్నానానికి పోయిండు అని చెప్పేవాళ్లం. మా వరుసలో రోజుకు పదిసార్లు వినిపించే మాట అది. షిఫ్టు దిగే సైరన్ కూసే వేళకు ప్రతి ఇంటి వెనకా బొగ్గుల పొయ్యి మీద కాగులో నీళ్లు మరుగుతూ ఉండేవి.

నాకు తొమ్మిదేళ్లున్నప్పుడు ఒక మధ్యాహ్నం సైరన్ కూసింది. అవ్వ కాగు కింద నిప్పు ఎగదోసింది. పక్కింటాయన వచ్చాడు, ఎదురింటాయన వచ్చాడు, బాపు రాలేదు. లోపల పైకప్పు కూలి ముగ్గురు పోయారు. కబురు తెచ్చినవాళ్ల వెనక అవ్వ చెప్పుల్లేకుండా పరుగెత్తింది. పొయ్యి సంగతి ఎవరికీ గుర్తులేదు. పొద్దుగూకే వేళకు కాగులో నీళ్లన్నీ ఇగిరిపోయి అడుగు మాడింది. బాపును దవాఖాన నుంచి తెల్లబట్టలో చుట్టి తెచ్చారు. కట్టు విప్పొద్దన్నారు. అందుకని పైనుంచి చెంబెడు నీళ్లు చల్లి స్నానం అయిందనిపించారు. అవ్వ చాలా రోజులు ఆ ఒక్క మాట పట్టుకునే ఏడ్చింది. పని నుంచి వచ్చిన మనిషికి స్నానం కూడా చేయించలేదని. ఆ కాగును మళ్లీ పొయ్యి ఎక్కించలేదు. మూలకు బోర్లించింది.

తరువాత అవ్వకు దవాఖానలో ఆయా పని ఇచ్చారు. పనికి పోయేది, వచ్చేది, నాకు వండిపెట్టేది. తను తినేది నేను చూడలేదు. నేను నిద్రపోయాక తింటుందనుకునేదాన్ని. కొన్ని నెలలకు ఇరుగుపొరుగు ఆడవాళ్లు చేతులు పట్టి లాగి క్లబ్బు మైదానానికి తీసుకుపోయారు. అక్కడ నెలకో సినిమా వేసేవారు. కర్రలు పాతి తెర కట్టేవారు, ఆడవాళ్లు పిల్లలు ముందు చాపల మీద, మగవాళ్లు వెనక. ఒక్కోసారి ఇంగ్లిష్ సినిమా వచ్చేది. ఎవరు పంపేవారో, మా మీద ఏ నమ్మకంతో పంపేవారో తెలియదు.

ఇంగ్లిష్ సినిమా వచ్చిన రోజు తెర పక్కన ఒక మనిషి మైకు పట్టుకుని నిలబడేవాడు. కథ తెలుగులో చెప్పడం ఆయన పని. నేను కాకా అని పిలిచేదాన్ని, చుట్టం కాకపోయినా. అసలు ఉద్యోగం మస్టర్ క్లర్కు. అంటే బాయి మొగదల కూర్చుని ఎవరు లోపలికి దిగారో, ఎవరు పైకి వచ్చారో పుస్తకంలో రాసుకునే మనిషి. సినిమాతో పాటు వచ్చే కథ కాగితం ముందే చదువుకుని వచ్చేవాడు. ఆయన నోట్లో పడితే ఓడ కెప్టెన్ మేనేజరు అయ్యేవాడు, ఓడ ఎక్కడం డ్యూటీ ఎక్కడం అయ్యేది, సముద్రం మన గోదారికి వంద రెట్లు అయ్యేది. దొరసానులు కూడా మా వరుసలో నల్లా దగ్గర కొట్లాడుకునే ఆడవాళ్లలాగే మాట్లాడేవారు. జనం పడి పడి నవ్వేవారు.

ఆ రోజు వేసింది ఈ ఓడరేవు సినిమానే. టోపీలు అమ్మే అమ్మాయి ఓడలో పనిచేసేవాణ్ని పెళ్లాడుతుంది. ఊరంతా కలిసి పాడతారు, ఆడతారు. వాడు సముద్రం మీదికి పోతాడు. తుఫాను వస్తుంది. చివర్లో ఆ అమ్మాయి రేవులో ఒంటరిగా నిలబడి పాడుతుంటే పొగమంచులోంచి వాడు వస్తాడు. ఇద్దరూ చాలాసేపు డాన్సు చేస్తారు. వాడు ఒక తలుపు తీసుకుని లోపలికి పోతాడు. అక్కడ కాకా మైకులో అన్న మాట నాకు కంఠతా వచ్చు.

"దూరంకెల్లి వచ్చిండు గద, స్నానానికి పోయిండు. గిప్పుడే వస్తడు."

అన్నట్టుగానే వాడు వచ్చాడు. తెల్ల చొక్కా తొడుక్కుని, తడి తలతో బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆ అమ్మాయి వడ్డించింది, వాడు తిన్నాడు. సినిమా అయిపోయింది. నేను అవ్వ ఒళ్లో కూర్చుని ఇదంతా నా కళ్లతో చూశాను. ఇంటికి వచ్చాక అవ్వ నాతో పాటు కంచం పెట్టుకుంది. బాపు పోయాక నా ఎదురుగా కూర్చుని తినడం అదే మొదలు. నాకు సినిమా పిచ్చి పట్టింది ఆ రోజే.

అదీ కథ. అలాంటి సీనును ఎవడో ఎక్కడో కూర్చుని కోసి పారేస్తే ఊరుకుంటానా.

డిస్కు వచ్చిన ఆదివారం మధ్యాహ్నం కిటికీలు మూసి, అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి పెట్టాను. అవ్వ కొత్త కళ్లతో రెప్ప వేయకుండా చూసింది. పాటలకు తల ఊపింది. వాడు పొగమంచులోంచి రాగానే కొంగుతో మొహం తుడుచుకుని సర్దుకుని కూర్చుంది, ఇంటికి ఎవరో పెద్దమనిషి వచ్చినట్టు. వాడు తలుపు తీసుకుని పోయాడు. తలుపు మూసుకుంది. అమ్మాయి తలుపు వైపే చూస్తూ నిలబడింది. పేర్లు వచ్చాయి. సంగీతం ఆగిపోయింది. అవ్వ ఇంకా చూస్తూనే ఉంది.

"గాయన బయటికి రాలే గదనే," అంది.

అయిపోయిందవ్వా అన్నాను. అయిపోలేదంది. ఇంకున్నది, కోసేసిండ్రు, సగం సిన్మనే ఇచ్చిండ్రు నీకు, పోయి అడుగు అంది. ఆరోజు అన్నం సరిగ్గా తినలేదు. మధ్యలో లేచి చేయి కడుక్కుంది. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి ఒక సినిమా కోసం అలగడం ఏమిటని మీరనుకోవచ్చు. నేనలా అనుకోలేదు. మా అవ్వ జీవితంలో అడిగినవి చాలా తక్కువ. ఇది ఒకటి.

గ్రూపులో బాంబు వేశాను. ఆఖరి సీను కోసేసి డిస్కు అమ్ముతున్నారు, రంగుల గురించి ఏడవడం ఆపి దీని సంగతి చూడండని. బ్యాంకు సార్ మర్యాదగా జవాబు రాశారు. క్యాసెట్ల కాలం నుంచి ఈ సినిమా వచ్చిన ప్రతి విడుదలా తన దగ్గర ఉందనీ, దేనిలోనూ అలాంటి సీను చూడలేదనీ. మీ దగ్గర ఉన్నవన్నీ కోసినవే అయుంటాయి సార్ అని నేను. అది మర్యాద కాదని తెలుసు, అయినా రాశాను. భైంసా ఆయన నా వైపు దూకాడు. కంపెనీవాళ్లు కోస్తారు, కోయకుండా ఎవరూ ఏదీ అమ్మరు, పత్తి వ్యాపారంలో తనకు తెలియనిదా అని. రెండు రోజుల్లో గ్రూపు రెండుగా చీలింది. గౌను ఎరుపా నారింజా అన్నది అందరూ మర్చిపోయారు.

సాక్షులు కావాలన్నాడు హుస్నాబాద్ స్టూడియో ఆయన. సరే అని పాత క్వార్టర్ల వాళ్లకు ఫోన్లు చేశాను. ఏడుగురు దొరికారు. ఏడుగురూ చూశామన్నారు. నాకు ఎక్కడలేని బలం వచ్చింది. ఒక చిన్న ఇబ్బంది మాత్రం ఉంది. స్నానం చేసి వచ్చి ఏం తిన్నాడు అని అడిగితే ఒకామె చేపల పులుసు అంది. ఇంకొకామె జొన్నరొట్టె, పచ్చిపులుసు అంది. ఎదురింటాయన కొడుకు, ఇప్పుడు బోథ్‌లో మాస్టారు, తినడానికి ముందు గోడ అద్దంలో చూసుకుంటూ కొబ్బరినూనె రాసుకున్నాడని కూడా చెప్పాడు. హాలీవుడ్‌లో జొన్నరొట్టె ఎవడు చేశాడని నాకు అనుమానం రావాలి. రాలేదు. ఆ వివరాలు దాచిపెట్టి, ఏడుగురు సాక్షులున్నారని మాత్రం గ్రూపులో రాశాను. పిల్లలకు ప్రయోగం లెక్కలు దిద్దకండర్రా, వచ్చింది వచ్చినట్టు రాయండని ఏడాది పొడవునా చెప్పే మనిషిని నేను.

డిస్కు వేసిన సంస్థకు ఇంగ్లిష్‌లో మూడు పేజీల ఉత్తరం రాసి మెయిల్ పెట్టాను. అందులో ఒకచోట "ప్రేక్షకులను మోసగించడం" అన్న మాట కూడా వాడాను. రోజూ సాయంత్రం కాలేజీ నుంచి రాగానే అవ్వ అదే అడిగేది, వాళ్లు ఏమన్నా రాసిండ్రా అని. ఇంకా లేదవ్వా అనేదాన్ని.

జవాబు మూడో వారంలో వచ్చింది. స్టాఫ్ రూములో ఒక్కదాన్నే ఉన్నప్పుడు చదివాను. చాలా మర్యాదగా రాశారు, అదే ఎక్కువ బాధ పెట్టింది. అసలు నెగటివు, షూటింగ్ నాటి స్క్రిప్టు, కోసి పక్కన పెట్టిన ముక్కల జాబితా అన్నీ చూశారట. అలాంటి సీను తీయనే లేదు, రాయనే లేదు. ఓడ మునిగినప్పుడే అతను చనిపోయాడు. చివరి డాన్సు ఆమె ఊహ. తలుపు తీసుకుని పోవడమంటే సెలవు తీసుకోవడం. కింద ఇంకో వాక్యం ఉంది. మీరు ఆ సీను ఎక్కడ చూశారో తెలిస్తే సంతోషిస్తామని.

ఇంటికి వెళ్లి అవ్వ పడుకున్నాక ఆ సినిమా మళ్లీ పెట్టుకున్నాను. ఓడలో తోటి పనివాడు వచ్చి ఆ అమ్మాయి చేతిలో వాడి కోటు పెట్టే సీను ఒకటుంది. అక్కడ ఎవరూ ఏమీ మాట్లాడరు. ఎవరు చూసినా తెలిసిపోతుంది. నాకు తెలియలేదు, కోటు ముందు పంపించాడు, మనిషి వెనక వస్తున్నాడనుకున్నాను. కాకా అలాగే చెప్పాడు కదా. కళ్ల ముందు ఉన్నది చూడలేదు. తొమ్మిదేళ్లప్పుడు విన్నదే చూశాను. చాలా సిగ్గేసింది. ఆ వెంటనే కోపం వచ్చింది, కాకా మీద.

ఆదివారం పొద్దున బస్సెక్కి పోయాను. మా క్వార్టర్ల వరుస లేదు, అక్కడంతా బొగ్గు కోసం పైనుంచే తవ్విన ఓపెన్‌కాస్ట్ గుంత. కాకా పక్కనే కాలనీలో ఉంటున్నాడు. ఎనభై దాటాయి. దుమ్ము లోపలికి రాకుండా తలుపు కింద తడిగుడ్డ కుక్కి, నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. మీ అవ్వ మంచిగున్నదా అన్నాడు ముందు. చాయ్ తాగేదాకా ఆగాలి. ఆగలేకపోయాను. నిలబడే అంతా చెప్పేశాను. గ్రూపు, ఏడుగురు సాక్షులు, ఉత్తరం, అందరి ముందూ నా పరువు పోవడం. నువ్వు అబద్ధం చెప్పినవు కాకా అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు. మంచం మీద పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు.

"మొగడు సచ్చిపోయిండనే ఉండె కాయితం మీద. చదువుకొనే వచ్చిన, చెప్దామనే మైకు పట్టిన. మీ అవ్వ ముంగట చాప మీదనే కూసున్నది. ఒళ్లె నువ్వున్నవ్. నోరు రాలే బిడ్డా."

నేను కూర్చున్నాను.

"ఆనాడు పొద్దుగాల మస్టర్ల మీ బాపు పేరు రాసింది నేనే. లోపటికి పోయిండని రాసిన. పైకొచ్చిండని రాసే ఖానా అట్లనే ఖాళీగ ఉండిపోయె. ఎన్ని దినాలైనా గా ఖానానే కండ్లకు కనవడేది. గా తెర మీద గాయన తలుపు తీస్కొని పోతుంటె నోట్లెకెల్లి గదే వచ్చింది."

ఆయన కోడలు చాయ్ తెచ్చి ఇచ్చింది. ఇద్దరం తాగాం. నా దగ్గర ఇంకా కొంచెం కోపం మిగిలి ఉంది, అది వదలడం నాకు చేతకాదు. సరే, స్నానానికి పోయిండన్నవు, మరి తెల్ల చొక్కా, బల్ల, వడ్డించుడు, గదంతా ఎందుకు చెప్పినవు అని అడిగాను. కాకా ఆశ్చర్యంగా చూశాడు.

"నేనేడ చెప్పిన? స్నానానికి పోయిండు అన్నంతే. తెర మీది లైటు పోయింది, సిన్మ అయిపోయింది. బువ్వ మీరే పెట్టిండ్రు గాయనకు."

అప్పుడు ఏడ్చాను. ఆ చాపల మీద కూర్చున్న ఆడవాళ్లూ పిల్లలూ, సినిమా అయిపోయాక చాపలు చుట్టుకుని ఇళ్లకు పోయే దారిలో వాడికి బనీను తొడిగారు, తల తుడిచారు, ఎవరింట్లో ఏది ఉంటే అది వడ్డించారు. నేనూ వడ్డించాను. అవ్వ ఏం వడ్డించిందో నాకు తెలియదు. అడగలేదు.

లేచే ముందు కాకాను బతిమాలాను. కారు మాట్లాడి తీసుకుపోతాను, ఒక్కసారి అవ్వ పక్కన కూర్చుని ఆ సినిమా చెప్పమని. గొంతు లేదు బిడ్డా, నాలుగు మాటలకు ఆయాసం వస్తంది అన్నాడు. పిల్లలకు పాఠం చెప్పే మనిషివి, నువ్వే చెప్పరాదు అన్నాడు. నేను చెప్పేది ఫిజిక్స్ కాకా, లేనిది ఉన్నదని చెప్పడం రాదన్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వు బాగా గుర్తుంది.

ఆ సాయంత్రం బస్సులోంచే గ్రూపులో రాశాను. ఆ సీను లేదు, పొరపాటు నాదే, బ్యాంకు సార్ నన్ను క్షమించాలని. భైంసా ఆయన నన్ను కంపెనీ కొనేసిందేమో అని అనుమానపడ్డాడు. బ్యాంకు సార్ గ్రూపులో ఏమీ రాయలేదు. ఫోన్ చేసి, సీను సంగతి వదిలేయండి మేడమ్, మీ అమ్మగారు ఎలా ఉన్నారు అని అడిగారు. సంస్థకు కూడా జవాబు రాద్దామని కూర్చున్నాను. ఎక్కడ చూశారో చెప్పమన్నారు కదా. ఒక్క వాక్యం కూడా రాయలేకపోయాను.

ఇంటికి పోతే అవ్వ మెలకువగానే ఉంది. దొరికిందా బిడ్డా అంది. అప్పటిదాకా నా జీవితంలో అవ్వతో అబద్ధం ఆడలేదు. అలా ఆడకపోవడం వల్ల ఇద్దరం చాలాసార్లు దెబ్బతిన్నాం కూడా. వెతుకుతున్నరట అవ్వా, పాత డబ్బాలల్ల ఉంటదట అన్నాను. అవ్వ నా మొహం వైపు కొంచెంసేపు చూసి, జర గట్టిగ అడుగు అంది. తరువాత మళ్లీ అడగలేదు. అడగడం ఎందుకు మానేసిందో నాకు ఇప్పటికీ తెలియదు. నన్ను నమ్మిందో, నమ్మలేదో.

చలికాలంలో అవ్వకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. దవాఖానలో రెండు వారాలు పెట్టుకుని, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. వాళ్ల మాటల్లో అర్థం నాకు తెలుసు. మంచం టీవీ ఉన్న గదిలో వేశాను. ఎక్కువ నిద్రలోనే ఉండేది. మెలకువ వచ్చినప్పుడు కొన్నిసార్లు నన్ను గుర్తుపట్టేది, కొన్నిసార్లు క్వార్టర్లలో పక్కింటామె అనుకుని మాట్లాడేది. పోవడానికి పది రోజుల ముందు, ఒక మధ్యాహ్నం కళ్లు తెరిచి తేటగా మాట్లాడింది. సిన్మ పెట్టు అంది.

పెట్టాను. రిమోట్ తీసుకుని శబ్దం మొత్తం తీసేశాను. అంత గొప్ప ఐదు స్పీకర్ల శబ్దాన్ని. మంచం పక్కన కుర్చీ వేసుకుని, మొదటి సీను నుంచి చెప్పడం మొదలుపెట్టాను. మొదట పాఠం చెప్పినట్టే వచ్చింది. కెప్టెన్‌ను కెప్టెన్ అన్నాను. అవ్వ నుదురు ముడిచింది. మేనేజరు అన్నాను. ఓడ ఎక్కడాన్ని డ్యూటీ ఎక్కడం చేశాను. గోదారికి వంద రెట్లు సముద్రం అన్నాను. అవ్వ పెదాలు కదిలాయి, నవ్వే అనుకుంటాను. కోటు తెచ్చి ఇచ్చే సీను వచ్చింది. కోటు ముంగట పంపిండు అవ్వా, మనిషి ఎనుకకెల్లి వస్తుండు అన్నాను.

పొగమంచులోంచి వాడు వచ్చాడు. చప్పుడు లేకుండా ఇద్దరూ చాలాసేపు ఆడారు. గౌను ఎర్రదో నారింజదో నేను చూడలేదు, అవ్వనే చూస్తున్నాను. అవ్వ చేయి దుప్పటి మీద చిన్నగా కదులుతోంది, కొంగు సర్దుకోవాలని. నేను సర్దాను. తలుపు తెరుచుకుంది. వాడు లోపలికి పోయాడు. తలుపు మూసుకుంది.

"వచ్చిండు అవ్వా," అన్నాను. "స్నానానికి పోయిండు. గిప్పుడే వస్తడు."

అవ్వ తెర వైపు చూడటం మానేసి నా వైపు తల తిప్పింది. ఏదో పని మర్చిపోయిన మనిషిలాగా ఒక్కసారి గాబరా పడింది.

"నీళ్లు కాగినయా?"

ఇన్నేళ్లలో అవ్వ ఆ కాగు మాట ఎత్తింది అదే మొదటిసారి. నేను అవ్వ చేయి పట్టుకున్నాను.

"కాగినయ్ అవ్వా. తోడి పెట్టిన."